బస్సు ఇల్లయితే బయటి దారి ఏది?

పాత బస్సు కొని, సీట్లు పీకేసి, మంచం, పొయ్యి, స్నానాల గది అమర్చుకుని కాపురం పెట్టే వీడియోలు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ తిరుగుతున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో పొందూరు, జి.సిగడాం, లావేరు, రణస్థలం చుట్టుపక్కల వాటిని చూసి మనసు పడేవాళ్లకు కొదవ ఉండదు. ఇంటి స్థలం ఉన్నా ఇల్లు లేపే డబ్బు లేని కుటుంబం, హైదరాబాద్ వలస నుంచి తిరిగొచ్చి ఊరి చివర చిన్న గూడు కావాలనుకునే మేస్త్రి, చిలకపాలెం జంక్షన్ దగ్గర టిఫిన్ దుకాణం పెట్టి దాని వెనకే పడుకుందామనుకునే కుర్రాడు, వీళ్లలో ఎవరికైనా ఆ ఆలోచన ముచ్చటగానే ఉంటుంది. ఇటుక, ఇసుక, సిమెంటు బెంగ లేదు. గోడలు, కప్పు, తలుపు, కిటికీలు అన్నీ ఒక్క వేలంపాటలో చేతికొస్తాయి.

ముచ్చటను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. దాని వెనకున్న ప్రమాదాన్ని ముందే చెప్పడం మా పని. బస్సు మెలకువగా కూర్చుని, దిగాల్సిన చోట దిగిపోయే మనిషి కోసం కట్టిన బండి. ఇల్లు ఒళ్లు మరిచి నిద్రపోయే మనిషి కోసం కట్టేది. ఒకదాన్ని రెండోదిగా మార్చేటప్పుడు మంచం ఎక్కడ, పొయ్యి ఎక్కడ అన్న ప్రశ్నలకంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటే: అర్ధరాత్రి నిప్పంటుకుంటే లోపల పడుకున్న ముసలమ్మ, చంటిబిడ్డ ఎటునుంచి బయటపడతారు?

ఈ ప్రశ్న వేసుకోకపోతే ఏమవుతుందో 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర రాష్ట్రమంతా చూసింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు రోడ్డు మీద పడి ఉన్న మోటార్ సైకిల్‌ను ఈడ్చుకెళ్లడంతో మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. సీటర్‌గా ఉన్న బస్సును స్లీపర్‌గా మార్చి నడిపారన్న సంగతి ఆ తర్వాత బయటికొచ్చింది. సీట్లు తీసి పడకలు పెట్టడమంటే కేవలం వడ్రంగి పని అనుకున్నవాళ్లకు అది తగిన జవాబు. పడకలు పెరిగితే నడవా ఇరుకవుతుంది, కిటికీలు పడకల వెనక్కి పోతాయి, దారి మూసుకుపోతుంది.

దానికి పది రోజుల ముందే, అక్టోబర్ 14న, రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర మరో బస్సు తగలబడి 20 మందికి పైగా చనిపోయారు. అదీ మార్పులు చేసిన బస్సే. ఏసీ లేని బండికి ఏసీ బిగించారు. ఇంకా వెనక్కి వెళ్తే 2013 అక్టోబర్ 30న నాటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొన్న వోల్వో బస్సులో 45 మంది సజీవ దహనమయ్యారు. ఈ మూడూ రోడ్డు మీద పరుగెడుతున్న బస్సులే. నిలబెట్టిన బస్సుకు ఢీకొనే ప్రమాదం లేదని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ నడిచే బస్సులో లేని గ్యాస్ సిలిండర్, పొయ్యి, 230 వోల్టుల కరెంటు, ఇన్వర్టర్ బ్యాటరీలు నిలబడిన బస్సు ఇంట్లో రోజంతా ఉంటాయి. నిప్పు పుట్టే చోట్లు పెరుగుతాయి, బయటపడే దారులు మాత్రం పెరగవు.

తాటాకిళ్లు, గడ్డి పాకలు వేసవిలో తగలబడటం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. ఒక పాకకు అంటుకుంటే వీధి వీధంతా బూడిదైన సందర్భాలు పెద్దవాళ్లకు గుర్తే. అయినా పాకకు ఒక వెసులుబాటు ఉంది. నిప్పంటుకుంటే దడి తోసుకుని ఎటైనా బయటపడొచ్చు. బస్సు ఇనుప గోడను తోయలేం. పల్లెవెలుగు రకం బస్సయితే కిటికీలకు అడ్డంగా ఊచలు కూడా ఉంటాయి. తాటాకు కంటే రేకు భద్రం అనే మన అలవాటు లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

బస్సు ఇల్లు అనగానే అందరూ వేసే నమూనా ఒకటుంది. ముందు తలుపు దగ్గర వంటగది, మధ్యలో కూర్చునే చోటు, వెనక భాగమంతా అడ్డంగా పెద్ద మంచం. చూడ్డానికి బాగుంటుంది, ప్రాణానికి ఇదే అన్నిటికంటే చెడ్డ అమరిక. నిప్పు ఎక్కువగా పుట్టేది పొయ్యి దగ్గర, ఆ పొయ్యి ఉన్నది తలుపు దగ్గర, మనుషులు పడుకున్నది రెండో చివర. వెనకున్న అత్యవసర ద్వారాన్ని మంచమే మూసేస్తుంది. పొగ పైకప్పు పట్టుకుని పాకి ముందుగా చేరేది కూడా ఆ వెనక మంచం దగ్గరికే.

అందుకే మొదటి నియమం: వంట బస్సు బయటే. పక్కన రేకుల పందిరి వేసి అక్కడ వండుకుంటే సగం ప్రమాదం పోతుంది. వానాకాలంలో ఇబ్బందే కానీ ఆ ఇబ్బంది భరించదగ్గది. లోపలే వండక తప్పదంటే పొయ్యి తలుపుకు దూరంగా, పడకకూ దూరంగా ఉండాలి. పడుకునే చోటికి అందుబాటులో రెండో తలుపు ఉండాలి. అది తాళంచెవి లేకుండా, ఒక్క చేత్తో, లోపలి నుంచి బయటికి తెరుచుకోవాలి. దాని ముందు బీరువా, డ్రమ్ము, బియ్యం బస్తా ఏదీ ఉండకూడదు. దొంగల భయంతో రాత్రి బయటి నుంచి తాళం వేయడం, గొలుసు చుట్టడం అసలు కూడదు. కిటికీల ఊచలు కోసేసి, కనీసం రెండు కిటికీలు మనిషి పట్టేంత వెడల్పున తెరుచుకునేలా చేయాలి.

బస్సు నేల భూమికి మీటరు ఎత్తున ఉంటుంది. కిటికీ అంచు దాదాపు రెండు మీటర్లు. పాతికేళ్ల కుర్రాడు దూకేస్తాడు, మోకాళ్ల నొప్పుల తాతయ్య దూకలేడు. కాబట్టి రెండో తలుపుకు బిగించిన మెట్లు ఉండాలి, అవసరం వచ్చినప్పుడు తెచ్చి ఆనించే నిచ్చెన సరిపోదు. ఇంట్లో అందరూ లైట్లు ఆర్పేసి, కళ్లు మూసుకుని, మంచం మీంచి లేచి ఆ తలుపు దాకా తడుముకుంటూ వెళ్లడం సాధన చేయాలి. ఇది నవ్వులాట పని అనిపించవచ్చు. పొగ నిండిన బస్సులో కళ్లు తెరిచినా మూసినా ఒకటే.

గ్యాస్ సంగతి. వంటగ్యాస్ గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నేలబారున పరుచుకుని చక్రాల గుంటల్లోకి, నేల పలకల సందుల్లోకి, కిందనున్న సామాను అరల్లోకి దిగి కూర్చుంటుంది. గాలిలో అది రెండు శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఒక మామూలు బస్సు లోపలి ఖాళీ సుమారు 45 ఘనపు మీటర్లు. అందులో రెండు శాతమంటే ఒక్క ఘనపు మీటరు లోపే. ఇంటి సిలిండర్‌లో ఉండే 14.2 కిలోల్లో దాదాపు రెండు కిలోలు కారితే బస్సు మొత్తం ఆ స్థితికి వస్తుంది. గ్యాస్ అడుగునే పేరుకుంటుంది కాబట్టి నేల దగ్గర అంతకంటే చాలా తక్కువకే ప్రమాదం. ఇటుక ఇంట్లో గుమ్మం కింద సందు, బయటికి తూము ఉంటాయి. దుమ్ము, వాన రాకుండా సందులన్నీ సిలికాన్‌తో మూసేసిన బస్సులో అవి కూడా ఉండవు.

సిలిండర్ లోపల పెట్టకూడదు. బస్సు పక్కన, నిటారుగా, కింద గాలి ఆడే రంధ్రాలున్న పెట్టెలో ఉంచాలి. పైపు ఐఎస్ఐ గుర్తున్నదే వాడాలి, ఐదేళ్లకొకసారి మార్చాలి, రేకు అంచులకు రాసుకోకుండా చూసుకోవాలి. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి. గ్యాస్ వాసన పసిగట్టే అలారం నేలకు జానెడు ఎత్తులో, పొగ అలారం పైకప్పుకు ఉండాలి. రెండూ తారుమారైతే రెండూ దండగే. లీకు అనుమానం వస్తే స్విచ్చి వేయకుండా, తీయకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి.

కనపడని మరో శత్రువు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. లంబసింగి, అరకు చలికి బస్సు తీసుకెళ్లి, కిటికీలన్నీ మూసి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు. జనరేటర్‌ను బస్సు కింద గానీ, కిటికీ పక్కన గానీ నడపడం, ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని నిద్రపోవడం కూడా అంతే. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చినట్టు అనిపించడం దాని మొదటి గుర్తులు. నిద్రలో ఉన్నవాడికి ఆ గుర్తులు తెలియవు. పైకప్పుకు ఎప్పుడూ తెరిచే ఉండే గాలి గొట్టం లేని బస్సులో నిప్పు రగిల్చే పని ఏదీ చేయకూడదు.

ఇక కరెంటు. బస్సు సొంత వైరింగు 24 వోల్టులది. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలుపుతారు. నెగెటివ్‌కు వేరే తీగ లాగకుండా ఇనుప బాడీనే వాడుకుంటారు. బండ్ల ఎలక్ట్రీషియన్‌కు చేయి అలవాటైన పద్ధతి అది. అదే చేత్తో అతను ఇంటి కరెంటు లాగితే, న్యూట్రల్‌ను బాడీకి తగిలిస్తే, బస్సు మొత్తం షాక్ కొట్టే వస్తువవుతుంది. లైట్లు, ఫ్యాన్లు, మోటారుకు లాగే 230 వోల్టుల పని ఇళ్ల వైరింగు తెలిసిన లైసెన్సు ఉన్న మనిషితోనే చేయించాలి. రెండు వైరింగులు ఎక్కడా కలవకూడదు.

ఇక్కడ చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది. రేకు అంచుకు రాసుకుని ఫేజు తీగ తొడుగు చిట్లితే బాడీకి కరెంటు ఎక్కుతుంది. బస్సు రబ్బరు టైర్ల మీద ఉంది కాబట్టి ఆ కరెంటుకు భూమిలోకి దారి దొరకదు. ఫ్యూజు పోదు, ఎంసీబీ పడదు, లోపలున్నవాళ్లకు తేడా తెలియదు. వాన పడిన పొద్దున తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు కమ్మీ పట్టుకున్న మొదటి మనిషి శరీరమే ఆ దారి అవుతుంది. బడి నుంచి పరుగెత్తుకొచ్చిన పిల్లాడు కావచ్చు, పాలు పోయడానికి వచ్చిన పక్కింటావిడ కావచ్చు. దీనికి విరుగుడు రెండు వస్తువులు: భూమిలోకి దిగగొట్టి ఛాసిస్‌కు గట్టిగా బిగించిన ఎర్త్ రాడ్డు, 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ. ఈ రెండూ లేని బస్సులోకి సర్వీసు వైరు లాగకూడదు. స్తంభం మీద కొక్కెం తగిలించి కరెంటు తీసుకోవడం నేరం. బస్సు ఇంటి విషయంలో అది ప్రాణాలతో చెలగాటం కూడా.

సోలార్ పలకలు, ఇన్వర్టర్ పెట్టుకుంటే ఈ బాధ లేదనుకోవద్దు. తక్కువ వోల్టేజీ అంటే తక్కువ ప్రమాదం అన్నది సగం నిజమే. వెయ్యి వాట్ల మిక్సీ, హీటరు లాంటిది ఇన్వర్టర్ మీద నడిస్తే 24 వోల్టుల బ్యాటరీ నుంచి 45 ఆంపియర్లు, 12 వోల్టులదైతే 90కి పైగా లాగుతుంది. ఇంట్లో ఫ్యాన్లకు వాడే సన్న తీగ అంత భారం మోయలేదు. తొడుగు కరిగి, పక్కనున్న ప్లైవుడ్‌కు అంటుకుంటుంది. తీగ లావుగా ఉండాలి, ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. పాత ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఆటోల నుంచి ఊడదీసిన లిథియం బ్యాటరీలను మంచం కింద పెట్టి చార్జి చేయడం ఎంత చౌకగా కనిపించినా వద్దు. ఆమ్లం బ్యాటరీలు చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి, కాబట్టి వాటి పెట్టెకు బయటికి గాలి దారి ఉండాలి.

శ్రీకాకుళం ఉక్కపోతలో రేకు బస్సు మధ్యాహ్నం పన్నెండుకే కొలిమవుతుంది. వేడి ఆపడానికి పైకప్పుకు చౌక ఫోమ్ అతికిస్తారు. పాలీయురేథేన్ ఫోమ్ కాలితే వచ్చే పొగలో సైనైడ్ వాయువు ఉంటుంది. మంట చేరకముందే మనిషి స్పృహ తప్పుతాడు. రాక్‌వూల్ లాంటి మండని పదార్థం ఖరీదెక్కువ, అయినా ఆ ఖర్చు చేయాల్సిన చోటు అదే. పైన వేరుగా పందిరి వేసి నీడ కల్పించడం ఇంకా మేలు. పొందూరులో ఇంకో మాట కూడా చెప్పాలి. పత్తి ఏకడం, నూలు వడకడం ఇంటిపనిగా సాగే ఊరిది. ఏకులు, కండెలు, దూది నిప్పురవ్వ తగిలితే చాలు భగ్గుమంటాయి. గుంట మగ్గం బస్సులో ఎలాగూ పట్టదు. రాట్నం పట్టినా పత్తి నిల్వ మాత్రం బస్సులో పెట్టకూడదు.

నివాసం మాట అటుంచి, మార్చే పనిలోనే ప్రాణాలు పోయే ఘట్టాలున్నాయి. డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని పక్కనే గ్యాస్ కటింగ్, వెల్డింగ్ మొదలుపెడతారు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదకరం. ముందు దాన్ని ఊడదీసి దూరం పెట్టాలి. బ్యాటరీ తీగలు విప్పాలి. సీట్ల రెగ్జిన్, ఫోమ్, నేల ప్లైవుడ్ తీశాకే నిప్పు పని. పని ఆపిన తర్వాత అరగంట అయినా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. జాకీ మీద నిలబెట్టిన బస్సు కిందికి మనిషి దూరకూడదు. ఇటుకలు, చెక్కముక్కలు పేర్చి ఆనించడం కాదు, కాంక్రీటు మీద ఉక్కు స్టాండ్లు ఉండాలి. ఎత్తు చాలడం లేదని పైకప్పు కోసి లేపడం, పెద్ద కిటికీ కోసం పక్క స్తంభాలు తెగ్గొట్టడం మరీ చెడ్డది. బస్సు పెట్టె గట్టిదనమంతా ఆ స్తంభాలు, వాటిని కలిపే పైకమ్ముల్లోనే ఉంది. రేకు పైన కప్పిన తొడుగు మాత్రమే.

బరువు లెక్క కూడా ముఖ్యమే. యాభై మంది ప్రయాణికుల బరువు మూడు టన్నులకు పైనే. అది నేలంతా సమంగా పరుచుకునేలా బస్సును కడతారు. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఒక్కటే టన్ను. దాన్ని మేడ మీద పెట్టినట్టు బస్సు పైకప్పు మీద పెడితే కప్పు మోయదు, మోసినా బస్సు తలబరువెక్కి పక్కకు ఒరగడానికి సిద్ధంగా ఉంటుంది. నీళ్ల ట్యాంకు నేల మీదే, వేరే దిమ్మె మీద ఉండాలి.

తలబరువు మాట ఈ జిల్లాలో మరీ గట్టిగా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ ఈ తీరాన్ని ఎలా ఊడ్చాయో ఎవరూ మర్చిపోలేదు. పలాస దగ్గర తీరం దాటినప్పుడు తిత్లీ గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉధృతంగా వీచినప్పుడు 165. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. పదకొండు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న బస్సు పక్కభాగానికి 150 కిలోమీటర్ల గాలి అడ్డంగా తగిలితే ఉజ్జాయింపుగా నాలుగు టన్నుల తోపు. రెండున్నర మీటర్ల వెడల్పున నిలబడిన బస్సుకు అది చిన్నది కాదు. ఇంజను, గేర్‌బాక్సు ఊడదీసి తుక్కుకు అమ్ముకున్న తేలిక బస్సయితే బోర్లా పడటానికి అంతకంటే ఎక్కువ గాలి అక్కర్లేదు. నాలుగు మూలలా కాంక్రీటు దిమ్మెలకు గొలుసులతో బిగించాలి. నీడ కోసం కొబ్బరిచెట్ల కింద, జీడితోటలో నిలపకూడదు. ఇవన్నీ చేసినా తుపాను హెచ్చరిక వచ్చిన రోజు బస్సులో ఉండకూడదు. బడికో, తుపాను షెల్టర్‌కో, స్లాబు ఇంటికో చేరాల్సిందే. బస్సు ఇనుముదని ధైర్యపడటానికి వీల్లేదు.

ఇక చట్టం. బండిని నడిపే ఉద్దేశం ఉంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా, అనుమతి లేకుండా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నివాస వాహనాలకు మోటార్ క్యారవాన్ అనే విభాగం, ఏఐఎస్-124 అనే ప్రమాణం మన దేశంలో ఉన్నాయి. ఆ దారిన వెళ్లాలి తప్ప ఊరి షెడ్డులో మార్చి, ఫిట్‌నెస్ పరీక్ష (ఎఫ్‌సీ) రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను ఎలాగోలా ఒప్పించుకోవచ్చనుకోవడం తెలివితక్కువ. అనుమతి లేని మార్పు చేసిన బండికి ప్రమాదం జరిగితే బీమా పరిహారం దగ్గరా చిక్కులు తప్పవు.

ఆర్టీసీ బస్సుల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ, ఆర్టీసీ వాహనాలకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. అవి రిజిస్టరైన తుక్కు కేంద్రాలకు వెళ్లాల్సిందే. అలాంటి బస్సు మధ్యవర్తి ద్వారా చౌకగా దొరుకుతోందంటే అనుమానించాలి. ప్రైవేటు స్కూలు బస్సో, కంపెనీ బస్సో కొని శాశ్వతంగా నిలబెట్టదలిస్తే 55వ సెక్షన్ కింద రవాణా శాఖకు తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. లేకపోతే పన్నులు, కేసులు పాత పేరు మీద పేరుకుంటూనే ఉంటాయి. చక్రాల మీద ఉన్నంత మాత్రాన పంచాయతీ అనుమతి, మరుగుదొడ్డి గుంత, పక్కింటి బావికి ఉండాల్సిన దూరం లాంటి నిబంధనలు మాఫీ కావు.

బస్సును వేరే పనికి మార్చడం అసాధ్యమని మేం అనడం లేదు. కేరళ ఆర్టీసీ 2020లో మున్నార్ డిపోలో పాత బస్సులను పర్యాటకుల పడకగదులుగా మార్చింది. అవి డిపోలోనే కదలకుండా ఉంటాయి, చుట్టూ సిబ్బంది ఉంటారు. కొవిడ్ రోజుల్లో మన ఆర్టీసీ బస్సులే సంజీవని పేరుతో పరీక్షా కేంద్రాలయ్యాయి. అలాంటి పనికి బస్సు బాడీ తెలిసిన ఇంజనీర్లు కావాలి. అమెరికాలో నివాస వాహనాలకు ఎన్‌ఎఫ్‌పీఏ 1192 అనే భద్రతా ప్రమాణం ఉంది. రెండో బయటి దారి, పొగ అలారం, గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, మంటలార్పే సిలిండర్ అందులో తప్పనిసరి. వీటిలో ఏదీ మనకు అందనంత ఖరీదైంది కాదు. తలుపు దగ్గర ఒకటి, పడక దగ్గర ఒకటి ఏబీసీ పొడి సిలిండర్లు పెట్టుకోవడానికి ప్రత్యేక చట్టం కూడా అక్కర్లేదు.

అయినా ఈ భారమంతా కొనేవాడి మీదే వేసి ప్రభుత్వ శాఖలు చేతులు దులుపుకుంటే కుదరదు. పాత బస్సు వేలం వేసే ప్రతి సంస్థ, కొనేవారికి తెలుగులో ఒక్క పేజీ హెచ్చరిక పత్రం ఇవ్వాలి: ఇది నివాసానికి కట్టింది కాదు, మార్చాలంటే ఎవరి అనుమతి కావాలి, ఏ భాగాలు కోయకూడదు. ఎర్త్, ఆర్‌సీసీబీ చూడకుండా తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ బస్సు ఇళ్లకు కనెక్షన్ ఇవ్వకూడదు. అగ్నిమాపక శాఖ తన పరిధిలోని ఇలాంటి నివాసాలను ఒకసారి వెళ్లి చూసి, రెండో దారి ఉందో లేదో చెప్పాలి. పంచాయతీ కార్యదర్శులు వాటి జాబితా ఉంచుకోవాలి. తుపాను వేళ ముందుగా ఖాళీ చేయించాల్సిన ఇళ్లలో పాకలతో పాటు వీటినీ చేర్చాలి. ఊళ్లో ఒక బస్సు ఇల్లే ఉన్నా ఆ జాబితాలో ఉండాల్సిందే.

కొనాలనుకునేవారికి మా సలహా సూటిగా ఇదీ. ముందు కాగితం మీద లెక్క వేయండి. మండని ఇన్సులేషన్, రెండో తలుపు, మెట్లు, బయటి వంటపాక, ఎర్త్, ఆర్‌సీసీబీ, అలారాలు, గొలుసు దిమ్మెలు, మరుగుదొడ్డి, అనుమతుల రుసుము, ఇవన్నీ బస్సు ధరకు కలపండి. వచ్చిన మొత్తంతో మీ స్థలంలో ఒక చిన్న ఇటుక గది లేస్తుందేమో మేస్త్రిని అడగండి. చాలాసార్లు లేస్తుంది. లేవకపోయినా, బస్సే కావాలనుకున్నా, పై పట్టీలో ఒక్కటి కూడా తగ్గించకుండా చేసే స్తోమత ఉంటేనే దిగండి. డబ్బు చాలక ముందు మంచం వేసుకుని, రెండో తలుపు వచ్చే ఏడాదికి వాయిదా వేసే పరిస్థితి ఉంటే, ఆ బస్సులో ఆ ఏడాది ఎవరూ పడుకోకూడదు. ముందు తలుపు, తర్వాతే మంచం. ఈ వరస తప్పించే హక్కు ఇంటి యజమానికి లేదు, ఎందుకంటే లోపల నిద్రపోయేది అతనొక్కడే కాదు.